పేడ పరీక్షలో ‘ఏమీ లేదు’ అంటే నమ్మేయొచ్చా?

ఎడిటర్ గారికి నమస్కారం,

కాలువలకు నీళ్లొదిలారంటే మా కోనసీమలో నాట్ల హడావిడితో పాటు నట్టల మందు హడావిడీ మొదలవుతుంది. గేదె పలచగా వేసినా, పాలు తగ్గినా, వెంట్రుకలు గరుగ్గా లేచినా అందరిదీ ఒకటే మాట, నట్టలయి ఉంటాయి మందు పోసేయ్ అని. ఏ నట్టలో ఎవరూ అడగరు. పేడ పరీక్ష చేయించమంటే ‘ఎప్పుడు చూసినా ఏమీ లేదనే వస్తుందండీ’ అంటారు.

పోయినేడాది మా పడ్డకి, అదే ఇంకా ఈనని గేదెకి, దవడ కింద నీరు దిగింది. కొట్టంలో నేలమీద పడున్న పేడ, రాత్రిదో తెల్లవారుజాముదో కూడా తెలీదు, కవర్లో కట్టి బండి హ్యాండిల్‌కి తగిలించి, దారిలో బ్యాంకు పనీ ఎరువుల కొట్టు పనీ చూసుకుని మిట్టమధ్యాహ్నం పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లాను. చీటీ మీద ‘లేవు’ అని రాసిచ్చారు. సరే అని ఊరుకున్నాను. నెల తిరక్కుండా పడ్డ పోయింది. వేరే డాక్టరు గారొచ్చి కోసి చూపిస్తే కార్జం గొట్టాల నిండా ఆకుల్లాంటి జలగలు!

తప్పు ఇద్దరిదీ అన్నారాయన. మన ఎండకి పేడలోని కడుపు పురుగుల గుడ్లు ఒక్క రోజులోనే పొదిగి పిల్లలైపోతాయి, నేలమీద పేడలో మట్టి పురుగులు కూడా కలుస్తాయి, అందుకే చేతికి కవర్ తొడుక్కుని లోపల నుంచి తీయాలి, లేదా వేసిన వెంటనే పైపైన ఎత్తాలి, గంటా రెండు గంటల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే ఐస్ మీద పెట్టాలి. అది నా తప్పు. కానీ జలగల గుడ్లు అంత తొందరగా పొదగవు, నేను తెచ్చిన ఆ పేడలోనూ కనపడాల్సినవే. ఉప్పునీళ్లలో కలిపి పైకి తేలినవి మాత్రమే చూస్తే అవి దొరకవు, బరువు కదా, అడుక్కి పోతాయి. పేడను మామూలు నీళ్లలో కడిగి, దిగిన మడ్డిని చూడాలి. చేల గట్ల మీదా మురుగు కాలువల పక్కనా, జలగ పిల్లలు పెరిగే నత్తలున్న చోట మేసే గొడ్డుకి ఆ పరీక్ష చేయకుండా లేవని ఎలా రాస్తారండీ?

అది చేసినా ‘లేవు’ అంటే ఆఖరి మాటేం కాదు. కార్జం జలగ గొడ్డు కడుపులో పడ్డాక గుడ్లు పెట్టడానికి మూడు నెలలు పైనే పడుతుంది. పొట్ట జలగల పిల్లలైతే గుడ్ల దాకా రాకముందే కంపుకొట్టే పారుడు పట్టిస్తాయి. అప్పుడు పేడ కడిగి చూస్తే సన్నటి ఎర్రటి పిల్లలే కనపడొచ్చు. దూడల సంగతి మాత్రం వేరు. ఏలికపాములు తల్లి పాలతోనే వస్తాయి, గుడ్లు కనపడేసరికి దూడకి మూడు వారాలు దాటుతుంది, కాబట్టి పరీక్ష కోసం చూడకుండా పది, పదిహేను రోజులకే డాక్టరుని అడిగి మందు పోయించాలి.

మందూ అంతే. ఫెన్‌బెండజోల్ మామూలు మోతాదులో జలగల్ని ఏమీ చేయదు, మా ఊళ్లో సగం మంది పోసేది అదే. పోశాక రెండు వారాలకి మళ్లీ పేడ చూపించుకున్నవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు, ఆ మందు పనిచేస్తోందో లేదో తెలిసేది అప్పుడే.

పశుసంవర్ధక శాఖ వారిని నేనడిగేది పెద్దదేం కాదు. చీటీ మీద ‘లేవు’ అని ఒక్క ముక్క రాయకుండా, తేల్చి చూశారా, మడ్డి చూశారా, రెండూ చూశారా అన్నది కూడా రాయమనండి.

– ఓ పాడిరైతు, రాజోలు మండలం