పాపికొండల దగ్గర రాయి ఎక్కాలనుకునేవాళ్లకు

అందరికీ నమస్కారం. మన గోదావరి డెల్టా అంతా ఒండ్రు నేల. ఉన్న ధవళేశ్వరం కొండను కూడా 1847 నుంచి ఆనకట్ట రాయి కోసం కొట్టేశారు. గోదావరి పక్కన నిలువు గోడ కావాలంటే పాపికొండలకే పోవాలి. అది 2008 నుంచి జాతీయ పార్కు, కాబట్టి అటవీ శాఖ అనుమతి కాగితం చేతికి వచ్చాకే పడవ మాట్లాడండి. రాతికి రంధ్రం చేసి బిగించే బోల్టులు మాత్రం వద్దు.

అక్కడిది ఎక్కువగా ఖొండలైట్ అనే రకం రాయి. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ వానలకు నాని పొరలుగా ఊడొస్తుంది. పట్టు మీద బరువు వేసే ముందు పిడికిలితో తట్టండి, డొల్లగా మోగితే వదిలేయండి. తాడు పైనుంచే వేయండి: రెండు బతికున్న చెట్ల మొదళ్లకు విడివిడిగా స్లింగులు (గట్టి పట్టీలు) కట్టి, రెండూ కలిసే కారబైనర్లు (తాడు పోనిచ్చే లోహపు కొక్కేలు) అంచు దాటి కిందికి వేలాడేలా చూడండి. అంచు మీదే ఆగిపోతే తాడు రాతికి రాసుకుని పైతొడుగు చిరిగిపోతుంది. స్లింగుల కింద గోనెసంచి మడిచి పెట్టండి. కింద నిలబడేవాళ్లకూ హెల్మెట్ ఉండాల్సిందే.

పెద్ద తేనెపట్టు కనిపిస్తే ఆ గోడ జోలికే పోవద్దు. తాడు మీద ఉన్న మనిషి పరిగెత్తలేడు కదా!

పోలవరం కాఫర్ డ్యాం (నిర్మాణం కోసం కట్టిన తాత్కాలిక అడ్డుకట్ట) వచ్చాక ఒడ్డున నీరు పెరిగింది, పాత ఫొటోల్లోని ఇసుక తిన్నెల్ని నమ్ముకోకండి. భద్రాచలంలో గోదావరి వరద మొదటి హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు. మనం అంతదాకా చూడక్కర్లేదు, నీరు ఎక్కుతోందంటేనే ప్రయాణం మానుకోవాలి.