మన బృందగానం 2024–25 జమా ఖర్చులు: వచ్చిందెంత, పోయిందెక్కడికి

సభ్యులకు, దాతలకు, ఫిబ్రవరిలో విశాఖలో ఒక సినిమా గాయనితో, జానపద కళాకారులతో కలిసి మనం చేసిన కచేరీకి టికెట్ కొని వచ్చిన వాళ్లందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన బృందానికి జమ అయినది 4,79,040 రూపాయలు. ఖర్చు 5,13,380. అంటే 34,340 లోటు. కిందటి ఏడాది మిగిలిన 17,520 అందులోకే పోయింది. చాలక కమిటీలో ముగ్గురం తలా 6,000 అప్పుగా వేశాం. ఈ రోజు ఖాతాలో ఉన్నది 1,180 రూపాయలు.

జమ సంగతి తొందరగా చెప్పేయొచ్చు. ఉద్యోగాల్లో ఉన్న 28 మంది నెలకు 300 చొప్పున, 8 మంది విద్యార్థులు నెలకు 100 చొప్పున ఏడాదంతా కట్టిన చందా 1,10,400. 61 మంది దాతలు ఇచ్చినది 1,84,500. ఇందులో పాతికవేలూ ఉంది, నూట పదహార్లూ ఉన్నాయి. 300 రూపాయల టికెట్లు 412, విద్యార్థుల 150 టికెట్లు 96 అమ్ముడై 1,38,000 వచ్చింది. టికెట్ 500 దాటలేదు కాబట్టి దాని మీద జీఎస్టీ లేదు. సావనీరులో (కచేరీకి వేసిన సంచికలో) ప్రకటనలకు 45,000, బ్యాంకు వడ్డీ 1,140. ఒక సంస్థ 50,000 ఇస్తామంటే నమ్మి బ్యానర్ మీద పేరు కూడా వేయించాం. ఆ డబ్బు రాలేదు. చెక్కు చేతికొచ్చాకే పేరు వేయాలని అప్పుడు బుద్ధొచ్చింది. అది వచ్చుంటే ఈ అప్పు మాట ఉండేది కాదు.

ఖర్చులో పెద్ద పద్దు సౌండ్, 1,18,000. మేం అనుకున్నది 70,000. దీని మీద చాలామంది అడిగారు కాబట్టి వివరంగా చెప్తాం. మొదట బీచ్ రోడ్డులో ఉచితంగా పెడదామనుకున్నాం. సాయంత్రం అక్కడ నిలబడి ఫోన్లో రికార్డు చేసి వింటే పాట కన్నా గాలే ఎక్కువ వినిపించింది. అందుకని సిరిపురంలో హాలు తీసుకున్నాం, అద్దె, కరెంటు కలిపి 58,000. సినిమా గాయని మైకు నోటి దగ్గర పెట్టుకుని పాడతారు. వెనక నిలబడే 36 మందికి అలా కుదరదు, దూరం నుంచి కూడా గొంతు పట్టే, పైనుంచి వేలాడే కండెన్సర్ మైకులు కావాలి, ఎవరి గొంతు వాళ్లకు వినపడేలా స్టేజి మీద మానిటర్ స్పీకర్లు కావాలి. ముందు మాట్లాడుకున్న సెట్టుతో రిహార్సల్ చేస్తే గాయని, డ్రమ్స్ తప్ప ఇంకేమీ వినపడలేదు. ఏడాదంతా ఒకే పాటను నాలుగు వేర్వేరు వరసల్లో, నాలుగు గొంతులుగా సాధన చేసి, చివరికి పెళ్లి ఆర్కెస్ట్రాలో కోరస్‌లా నిలబడతామా? అందుకే సెట్టు మార్చాం. ఆ ఖర్చుకు మేం చింతించడం లేదు.

గాయని పారితోషికం 75,000. అందులో పది శాతం టీడీఎస్ (ముందే మినహాయించి కట్టే పన్ను) కట్టి 67,500 ఆవిడ ఖాతాలో వేశాం. ఆవిడకు, సహాయకురాలికి హైదరాబాద్ నుంచి విమానం, ఒక రాత్రి బస 31,400. ఆవిడ మామూలుగా తీసుకునే దానికన్నా చాలా తక్కువకే వచ్చారు. అయితే కచేరీకి రెండు రోజుల ముందు ఒక పాట శ్రుతి రెండు మెట్లు తగ్గించమన్నారు. తగ్గిస్తే మన బాస్ వాళ్లకు, అంటే అన్నిటికన్నా కింది గొంతు పాడేవాళ్లకు, అడుగు స్వరాలు అందలేదు. గాజువాక నుంచి వచ్చే ఒకాయన "నూతిలోకి దిగి పాడమంటారా" అని నవ్వించాడు గానీ, ఆ పాటకు నాలుగు భాగాలూ రాత్రికి రాత్రి మళ్లీ రాయించాల్సి వచ్చింది. స్వరరచనకు పాటకు 4,000 చొప్పున, ఐదు పాటలకు ఆరుసార్లు 24,000 అయింది అందుకే. జెరాక్సులు 3,860.

ఛాతీకి డప్పు కట్టుకుని పాడుతూ ఆడే తప్పెటగుళ్లు కళాకారులు 14 మందికి తలా 3,000 చొప్పున 42,000, వ్యానుకూ భోజనాలకూ 11,500. మూడు ఆదివారాలు విజయనగరం వైపు నుంచి వచ్చి మనతో సాధన చేశారు. వాళ్ల నడక క్లిక్ ట్రాకుకు (తాళం తప్పకుండా వినిపించే టిక్‌టిక్ చప్పుడుకు) లొంగలేదు. చివరికి దర్శకురాలు క్లిక్ ఆపించి, వాళ్ల గజ్జెల్ని చూసి పాడమన్నారు. అప్పుడు పాట నిలబడింది. రెండు పాటలు పాడిన ఒకరికి 75,000, ఒళ్లంతా చెమటతో ఆడిన 14 మందికి 42,000. ఈ లెక్క రాసేటప్పుడు మాకే ఇబ్బందిగా ఉంది. గాయని పేరు లేకపోతే అన్ని టికెట్లు పోయేవా అంటే, పోయేవి కావు. రెండూ నిజమే. వచ్చే ఏడాది జానపద కళాకారులకు తలా 5,000కి తగ్గకూడదని కమిటీ తీర్మానించింది.

సినిమా పాటలు పాడినందుకు లైసెన్సు 16,520. ఔత్సాహికులు టికెట్ లేకుండా పాడితే కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. మనం టికెట్ పెట్టాం కాబట్టి కట్టాలి, కట్టాం. మద్దిలపాలెం గది అద్దె 48,000, కీబోర్డు వాయించే అబ్బాయికి 46 సాధనలకు 27,600, టీలు భోజనాలు 21,700, సావనీరు, బ్యానర్లు 29,300, ఆడిట్, రిజిస్ట్రేషన్ కాగితాలు 6,500. చీరలు, కండువాలు ఎవరివి వాళ్లే కొనుక్కున్నారు.

దర్శకురాలికి ఇచ్చింది సున్నా. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ 1970ల తొలినాళ్లలో మద్రాస్ యూత్ కోయిర్ మొదలుపెట్టి మామూలు జనం చేత బృందగానం పాడించారు, ఆ దారిలో నడుస్తున్నాను, నాకేమీ వద్దు అంటారావిడ. వారానికి రెండు సాయంత్రాలు, పైగా ఇంట్లో కూర్చుని రాసుకునే పని. కనీసం పెట్రోలు ఖర్చయినా తీసుకోవాలని ఈసారి కమిటీ పట్టుబడుతుంది.

వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు వచ్చే రెండు ఆదివారాలు ఉదయం 10 నుంచి 12 దాకా సాధన గదిలో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. తొమ్మిది మంది దాతల రసీదులు ఇంకా మా దగ్గరే ఉన్నాయి, అప్పుడే తీసుకోండి. 80జీ గుర్తింపు మనకింకా రాలేదు, కాబట్టి పన్ను రాయితీకి ఆ రసీదు పనికిరాదు.

కమిటీ తరఫున
కోశాధికారి