విదేశీ భాషల విభాగం విద్యార్థుల సంఘం: ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం మీద గంటన్నర వాదించుకున్నాం, గుర్తుండే ఉంటుంది. సాయంత్రం క్లాసుల్లో జర్మన్, జపనీస్ పాఠాలు తెలుగులో చెప్పుకోవాలా, ఎప్పటిలాగే ఇంగ్లిష్‌లో కానిచ్చేయాలా అన్నదే ఆ వాదన. "యూనివర్సిటీకి వచ్చి తెలుగులో చెప్పుకుంటే నవ్విపోతారు" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. సరే, ఒక ఏడాది చూద్దాం అనుకున్నాం. ఏడాది అయింది, నేను ఓడిపోయాను. ఈ నివేదికలో సగం ఆ ఓటమి సంగతే.

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి మన విభాగానికి వచ్చినవాళ్లు ఒకేసారి రెండు భాషలతో కుస్తీ పట్టాలి. జర్మన్ ఒకటి, దాన్ని వివరించే ఇంగ్లిష్ ఇంకొకటి. ఇంగ్లిష్ 'ద' లాంటి జర్మన్ మాటలు డేర్, డెన్, డేమ్ దగ్గరికి వచ్చేసరికి సగంమంది చేతులెత్తేస్తారు. ఇంగ్లిష్‌లో 'ద' ఎక్కడ పెట్టినా 'ద'నే కాబట్టి, జర్మన్‌లో అది ఎందుకు మారుతుందో ఇంగ్లిష్ వైపు నుంచి చూస్తే అంతుపట్టదు.

ఒక సాయంత్రం మన సీనియర్ మేడమ్ బోర్డు మీద తెలుగులో మూడు వాక్యాలు రాశారు. 'ఆ మనిషి వచ్చాడు. ఆ మనిషిని చూశాను. ఆ మనిషికి ఇచ్చాను.' వాటి పక్కన వరసగా డేర్ మాన్, డెన్ మాన్, డేమ్ మాన్ అని రాసి, ఏమీ చెప్పకుండా సుద్దముక్క కింద పెట్టేశారు. కాసేపటికి వెనక బెంచీ నుంచి "ఇవి మన డుమువులే కదా మేడమ్" అని ఒక గొంతు వినిపించింది. ఇక మొదలైంది గోల. 'కి' చతుర్థి అని ఒకరు, కాదు, బళ్లో 'కిన్ కున్ యొక్క లోన్ లోపలన్ షష్ఠీ విభక్తి' అనే కదా చదివాం అని ఇంకొకరు. "జర్మన్‌వాళ్లు దాన్ని మూడో విభక్తి అంటారు. మీ పంచాయితీ క్యాంటీన్‌లో తేల్చుకోండి" అన్నారు మేడమ్. క్యాంటీన్‌లో కూడా తేలలేదు కానీ, డేమ్ ఎక్కడ వాడాలో మాత్రం ఆ బ్యాచ్‌లో ఎవరూ మళ్లీ అడగలేదు.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. చలేస్తోంది అనడానికి మనవాళ్లు ఇంగ్లిష్ మీదుగా వెళ్లి 'ఇష్ బిన్ కాల్ట్' అనేవాళ్లు. దానికి జర్మన్‌లో 'నేను జాలీదయా లేని మనిషిని' అనే అర్థం కూడా వస్తుంది. అక్కడివాళ్లు అనేది 'మీర్ ఇస్ట్ కాల్ట్'. మీర్ అంటే 'నాకు'. నాకు చలిగా ఉంది, అంతే! రష్యన్ క్లాసువాళ్లు ఊరుకుంటారా, తమ దగ్గరా 'మ్న్యే ఖోలద్న' అంటే ఇదే వరస అని వచ్చి చెప్పి వెళ్లారు. ఫ్రెంచ్‌వాళ్లు మాత్రం మొహం వేలాడేశారు. వాళ్ల భాషలో చలి 'ఉండదు', మనిషి దాన్ని 'కలిగి' ఉంటాడు.

జర్మనీ వెళ్లాలనుకునే నర్సింగ్ అమ్మాయిలు బయటి నుంచి ఈ జర్మన్ క్లాసుకు రావడానికి కారణం ఈ తెలుగు దారే. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు కావాలంటే సాధారణంగా జర్మన్‌లో బీ2 స్థాయి, అంటే పనిలో ధారాళంగా మాట్లాడగలిగేంత, అడుగుతారు. రోగి 'మీర్ టూట్ డేర్ కోప్ఫ్ వే' అంటే 'నాకు తల నొప్పిగా ఉంది' అని వాళ్లు టక్కున పట్టుకుంటున్నారు. బయటివాళ్లకు కుర్చీలు ఎందుకిస్తున్నారని అడిగిన సభ్యులకు మనవి: మనవాళ్లు సరిగ్గా వస్తే కుర్చీలు ఖాళీ ఉండవు.

జపనీస్ సంగతి క్లుప్తంగా. క్రియ చివర్లో రావడం మనకు కొత్త కాదు. 'వస్తానని అన్నాడు' అనడానికి వాళ్లు 'కురు తో ఇత్తా' అంటారు, మన 'అని' ఉండేచోట వాళ్ల 'తో' కూర్చుంటుంది. లిపి కష్టం లిపిదే, దానికి తెలుగు ఏమీ చేయలేదు. డిసెంబర్‌లో జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీకి మనవాళ్లు కొందరు వెళ్లారు. నోరు విప్పి మాట్లాడే పని లేకుండానే పాసయ్యే పరీక్ష కాబట్టి, సర్టిఫికెట్ వచ్చినవాళ్లు కూడా శనివారం సంభాషణ క్లాసుకు రావాలని కోరుతున్నాం.

ఈ ఏడాది పాఠం ఎదురు దిక్కులోనూ నడిచింది. మన క్యాంపస్‌లో తెలుగు నేర్చుకుంటున్న ఒక జర్మన్ అమ్మాయి "అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు కూడా వచ్చింది. అమ్మకు కోపం రాదా?" అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. బహువచనంలో అమ్మలు 'వచ్చారు', ఆవులు 'వచ్చాయి' అని మనం సర్దుకునేలోపే, "అంటే అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు మర్యాద లేదన్నమాట" అంది. "అమ్మగారు అంటే ఒక్కరికైనా 'వచ్చారు' అనే అంటాం" అని చెప్పి అప్పటికి పరువు నిలబెట్టుకున్నాం. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, చాకు నపుంసకం అయిన భాష నుంచి వచ్చిన పిల్ల ఈ మాట అడగడం వేరే సంగతి.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు పుట్టినరోజును మన విభాగం మొదటిసారి జరిపింది. అది తెలుగువాళ్ల పండగ, మనకేం సంబంధం అనుకునేవాళ్లం. పర్లాకిమిడిలో ఆయన సవర అనే గిరిజన భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. తర్వాత సవర పిల్లలకు వాచకాలు, ఆ భాషకు నిఘంటువు తయారుచేశారు. పుస్తకమే లేని భాషను చెవితో పట్టుకున్న మనిషి కంటే మనకు దగ్గరివాళ్లు ఎవరుంటారు? సెప్టెంబర్ 26 యూరోపియన్ భాషల దినం కూడా చేశాం. స్పీకర్ పనిచేయలేదు, సమోసాలు బాగున్నాయి.

ఒక హెచ్చరిక. పరీక్ష ఫారంలో ఇంటిపేరు ఎక్కడ రాయాలో పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని చూసుకోండి. మన సభ్యురాలి సర్టిఫికెట్‌లో ఆమె పేరు ఇంటిపేరుగా, ఇంటిపేరు పేరుగా అచ్చయింది. దిద్దించుకోవడానికి పరీక్ష ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగింది, ఆ టెన్షన్‌లో వీసా అపాయింట్‌మెంట్ పోయింది. ఇప్పుడు ఫారాలు నింపేటప్పుడు కొత్తవాళ్ల పక్కన తనే కూర్చుంటోంది.

జమాఖర్చుల కాగితం విడిగా పంచాం. కోశాధికారి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతున్నారు, కాబట్టి ఆ పదవికి పేర్లు ఇవ్వండి. ఫ్రెంచ్ క్లాసు కూడా తెలుగులో పెట్టాలన్న ప్రతిపాదన ఈసారి ఓటింగ్‌కు వస్తుంది. ప్రతిపాదించింది నేనే.

మీ
కార్యదర్శి