షూరా అడిగినంత మాత్రాన చట్టం అయిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది అమలాపురం పక్కన పల్లెటూరు, పదమూడేళ్ల పైనే అయింది మస్కట్ వచ్చి, రువీలో ఉంటున్నా. గల్ఫ్ వార్తలు రాసేటప్పుడు మనవాళ్లు "ఒమన్ పార్లమెంట్ ఓకే చేసేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు, దానివల్ల ఇక్కడ మా రూముల్లో ఏమవుతుందో చెప్దామనే ఈ ఉత్తరం.

2014లో విదేశీ కార్మికులు ఇంటికి పంపే డబ్బు మీద 2 శాతం పన్ను వేయాలని షూరా, అంటే ఒమన్ పార్లమెంట్‌లో ఓట్లతో ఎన్నికయ్యే సభ, ప్రతిపాదించింది. అది మా దాకా వచ్చేసరికి పన్ను పడిపోయింది అన్నట్టే వచ్చింది. మా రూములో ఏడుగురం, అందులో ఒకన్న రాబోయే జీతం చూపించి వడ్డీకి తెచ్చి మరీ ఎక్స్‌చేంజ్‌కి పరిగెత్తి 150 రియాల్స్ ఇంటికి పంపేశాడు. ఆ పన్ను అమల్లోకి రానే లేదు, వడ్డీ మాత్రం అన్న ఐదు నెలలు కట్టుకున్నాడు.

అసలు సంగతి ఏంటంటే ఇక్కడ పార్లమెంట్‌ని మజ్లిస్ ఒమన్ అంటారు, అందులో రెండు సభలు. షూరాకి ఒమానీలు ఓట్లేసి పంపిస్తారు, ఇప్పుడు 90 మంది ఉన్నారు, పార్టీలు లేవు, పెట్టుకోడానికి కూడా లేదు. రెండోది దౌలా, అందులో అందర్నీ సుల్తానే నియమిస్తారు. మంత్రివర్గం తయారుచేసిన బిల్లు ముందు షూరాకి, అక్కణ్ణుంచి దౌలాకి వెళ్తుంది, రెండిటికీ మాట కలవకపోతే కలిసి కూర్చుంటారు, చివరికి సుల్తాన్ సంతకంతో రాయల్ డిక్రీ వస్తేనే అది చట్టం. ప్రధానమంత్రి కూడా సుల్తానే, ఇక్కడ ఏళ్లుగా ఉన్న మనవాళ్లకే చాలామందికి ఇది తెలీదు.

అలాగని షూరాని తక్కువ చేసి మాట్లాడట్లేదండి. 2023 అక్టోబర్ 29న షూరా ఎన్నికల రోజు మా అర్బాబ్ (యజమాని) షాపు కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్‌కి బతాకా (గుర్తింపు కార్డు) ఆనించి, మొహం చూపించి, రెండు నిమిషాల్లో ఓటేసేశాడు, ఇక సాయంత్రం దాకా వచ్చిన ప్రతి కస్టమర్‌తో వాళ్ల విలాయత్‌లో (మన నియోజకవర్గం లాంటిది) ఎవరు గెలుస్తారో అని వాదనే వాదన. వాళ్లకి అది అంత ముఖ్యం. ఆసారి ఒక్క మహిళ కూడా గెలవలేదు, అది నాకు బాధగానే అనిపించింది.

కానీ మా బతుకుల్ని మార్చిన వాటిలో కొన్ని ఆ దారిలో రాలేదు. కాంట్రాక్ట్ అయిపోతే పాత యజమాని ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) లేకుండా వేరే కంపెనీకి మారొచ్చన్నది 2021 జనవరి నుంచి అమలైంది, అది పోలీసు శాఖ నిర్ణయం. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదన్నది కార్మిక శాఖ మంత్రి ఆర్డర్. కొత్త కార్మిక చట్టమేమో 2023 జులైలో 53/2023 నంబర్ రాయల్ డిక్రీగా వచ్చింది.

అందుకే నా రిక్వెస్ట్ ఒక్కటే, గల్ఫ్ వార్త వేసినప్పుడు అది షూరా ప్రతిపాదనా, మంత్రి ఆర్డరా, డిక్రీనా అన్నది మొదటి లైన్లోనే రాయండి, నంబరు ఉంటే అదీ వేయండి. నంబరు తెలిస్తే చీటీ మీద రాసుకుని లేబర్ ఆఫీసుకి పట్టుకెళ్తాం, అక్కడ మాకు అరబ్బీ రాకపోయినా ఆ అంకె చూపిస్తే చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, రువీ, మస్కట్