ఉప్పు మానేయకు తల్లీ

బుజ్జీ,

మొన్న చెకప్‌లో బీపీ 132/86 వచ్చిందని చెప్పావు. కాళ్ళు పొంగుతున్నాయని మీ అత్తయ్యగారు చప్పిడి తిండి మొదలుపెట్టారట. ఆవిడ నీ మీద ప్రేమతోనే చేస్తున్నారు. కానీ ఈ విషయంలో నా మాట విను. కడుపుతో ఉన్నప్పుడు ఉప్పు పూర్తిగా మానేసినంత మాత్రాన గుర్రపు వాతం, అంటే గర్భిణులకి బీపీ పెరిగి, ముదిరితే ఫిట్స్ వచ్చే జబ్బు, ఆగదు. ఏఎన్ఎంగా ఊళ్ళు తిరిగిన రోజుల్లో చూశాను, చప్పిడి కూడు సయించక రెండు ముద్దలు తిని లేచిపోయే పిల్లల్ని, ఏడో నెల వచ్చినా బరువు పెరగని వాళ్ళని. కూరలో ఎప్పుడూ వేసే ఉప్పు వేయించుకో. ఆవకాయ, అప్పడాలు, ఉప్పు చేప, చిప్స్ ప్యాకెట్లు మాత్రం పక్కన పెట్టు.

మన ఇళ్ళల్లో ఎవరూ పట్టించుకోనిది కాల్షియం. కంచం నిండా అన్నమే, పెరుగు చివర్లో రెండు చెంచాలు. నీకేమో చిన్నప్పటి నుంచీ పాల వాసనే గిట్టదు. తిండిలో కాల్షియం బాగా తక్కువైతే కాన్పు ముందు బీపీ ఎక్కే ప్రమాదం పెరుగుతుంది. అందుకే నాలుగో నెల నుంచి రోజుకి రెండు, 500 మిల్లీగ్రాముల మాత్రలు ఇస్తారు. అలాగని ఇంకా ఎక్కువ మింగితే ఇంకా మంచిదనుకోకు. బెంగళూరులో 11,000 మంది గర్భిణులతో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. అందులో రోజుకి 500 ఇచ్చినవాళ్ళకీ, 1500 ఇచ్చినవాళ్ళకీ ఈ జబ్బు దాదాపు ఒకేలా వచ్చింది. డాక్టరమ్మ రాసినంతే వేసుకో, రోజూ మాత్రం మానకు. టిఫిన్ తిన్నాక ఒకటి, రాత్రి భోజనం తర్వాత ఒకటి. ఐరన్ మాత్ర మధ్యాహ్నానికి పెట్టుకో, రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

నీకోసం రాగిపిండి ఆడించి పంపుతున్నాను. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. రాత్రే పిండిని నీళ్ళల్లో కలిపి ఉంచు. పొద్దున ఉండకట్టకుండా తిప్పుతూ ఉడికించి, చల్లారాక చిలికిన మజ్జిగ పోసి, ఉల్లిపాయ సన్నగా తరిగి వేసుకో. పాల వాసన ఉండదు. పప్పులో మునగాకు వేయించుకో. నువ్వులు తింటే కడుపు పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకు, కూరలో వేసే నువ్వుల పొడికి ఏమీ కాదు.

ఇవన్నీ తిన్నా బీపీ రాదని మాట ఇవ్వలేను. నీది తొలి కాన్పు. నువ్వు కడుపులో ఉండగా చివరి నెలల్లో నాకూ బీపీ వచ్చింది. ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పావా? చెప్పకపోతే రేపే వెళ్ళి చెప్పు. ఈ జబ్బు రాకుండా చిన్న మోతాదు ఆస్పిరిన్ అవసరమో కాదో ఆవిడే చూస్తారు, నీ అంతట నువ్వు వేసుకోకు. వెళ్ళిన ప్రతిసారీ బీపీతో పాటు మూత్రం కూడా పరీక్ష చేయించుకో.

తలనొప్పి ఎంతకీ తగ్గకపోయినా, కళ్ళు మసకలు కమ్మినా, రొమ్ము కింద పోటు వచ్చినా, మొహమూ చేతులూ ఉన్నట్టుండి ఉబ్బినా గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకు. బీపీ 140/90కి చేరినా అంతే. అర్ధరాత్రయినా అల్లుడిగారిని లేపి ఆసుపత్రికి వెళ్ళు. నాకు అక్కడికి చేరాక ఫోన్ చేద్దువుగాని.

మీ అమ్మ