పటాన్‌చెరు నీళ్ల విషయమై కేంద్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

స్థానికంగా ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాకపోవడంతో, నలుగురి ముందు ఈ మాట మీకు రాస్తున్నాను.

పటాన్‌చెరు ప్రాంతంలో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటకొస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. 2009లో చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల అవశేషాలు బయటపడ్డాయి.

అలాంటి నీళ్లలో మందుకు తట్టుకునే బ్యాక్టీరియాయే మిగులుతుంది, పెరుగుతుంది. మరిగించుకోండి అంటే సరిపోదు. బ్యాక్టీరియా చచ్చినా సిప్రోఫ్లాక్సాసిన్ అంత తేలిగ్గా పోదు. జ్వరంతో ఉన్న బిడ్డకు మొదటి మందు పనిచేయకపోతే, రెండోదీ పనిచేయకపోతే, ఆ తల్లిదండ్రుల టెన్షన్ ఎలా ఉంటుందో ఆలోచించండి. ఖరీదైన ఇంజెక్షన్ల కోసం కూలి కుటుంబాలు అప్పులు చేయాల్సిందే.

2020 జనవరిలో మీ శాఖ ముసాయిదాలో వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టింది. ఎంతో ఆశపడ్డాం. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

ఆ పరిమితులను తిరిగి చేర్చి, గడువు పెట్టి అమలు చేయించండి. పరిశ్రమల పక్కనున్న ఊళ్ల తాగునీటిలో మందుల అవశేషాలు, మొండి బ్యాక్టీరియా ఉన్నాయేమో క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలను పంచాయతీ కార్యాలయాల్లో తెలుగులో పెట్టించండి. మీ జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పౌరుడు