అనంతపురం కుమ్మర సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలి కాబట్టి రాస్తున్నాను. కానీ ఈసారి రాయడానికి నాకు నిజంగా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఫిబ్రవరిలో మనవాళ్లు 19 మందిమి చండీగఢ్ పోయి నేక్ చంద్ అనే ఆయన పారేసిన వస్తువులతో కట్టిన రాక్ గార్డెన్ అనే బొమ్మల తోట చూసొచ్చాం. ఆ సంగతి తీరిగ్గా చెబుతాను, ముందు మిగతావి.

వినాయక చవితికి మట్టి విగ్రహాలు చేసి పాతూరులోనూ బడుల్లోనూ పంచాం. మట్టి తొక్కడానికి వస్తామని గ్రూపులో 20 మందికి పైగా బొటనవేలు గుర్తు పెట్టారు, తెల్లారి చూస్తే ఆరుగురం ఉన్నాం. అందులో నలుగురు మహిళా విభాగం అక్కలే. రాలేకపోతే రాలేమని ముందురోజు ఒక్క మాట చెప్పండి, వస్తారనుకుని మట్టి నానబెట్టుకుని కూర్చుంటే పెద్దవాళ్ల నడుములు పోతున్నాయి. దీపావళికి ప్రమిదలు, ఎండాకాలం చలివేంద్రాలకు కుండలు ఎప్పటిలాగే ఇచ్చాం. చెరువు మన్ను తోలుకోవడానికి అనుమతి కావాలని ఒక ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగాం. ప్రతిసారీ ఇంకో కాగితం అడిగారు, ఇచ్చిన కాగితం దొరకలేదన్నారు. ఐదోసారి పోతాం, ఈసారి నేనూ అధ్యక్షులూ ఇద్దరమే కాకుండా ఇంకో పదిమంది వస్తే బాగుంటుంది.

ఇక చండీగఢ్. నేక్ చంద్ పుట్టింది 1924 డిసెంబరు 15న, అంటే ఆయనకు నూరేళ్లు నిండిన ఏడాదిలోనే మనం పోయామన్నమాట. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఊరు ఆయనది. దేశ విభజనలో ఊరు వదిలి వచ్చి, చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా చేరాడు. కొత్త నగరం కట్టడానికి పాత ఊళ్లు కూలుస్తుంటే ఆ శిథిలాల్లో మిగిలిన కప్పులు, సాసర్లు, గాజులు, పగిలిన టైల్స్, బేసిన్లు, కరెంటు పింగాణీ ఫ్యూజులు సైకిల్ మీద వేసుకుని అడవిలోకి తీసుకుపోయేవాడు. 1957లో మొదలుపెట్టి సుమారు 18 ఏళ్లు ఎవరికీ తెలియకుండా, డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు పాత టైర్లు తగలబెట్టుకుని ఆ వెలుతురులో పనిచేశాడట. అది కట్టడాలు ఉండకూడదని పెట్టిన అటవీ భూమి. బయటపడినప్పుడు కూల్చేస్తారేమోనని అందరికీ భయం, కానీ జనం ఆయన వైపు నిలబడ్డారు. 1976లో తోట తెరిచారు, ఆయనకే జీతం ఇచ్చి, 50 మంది కూలీలను ఇచ్చి పని సాగించమన్నారు. 1984లో పద్మశ్రీ వచ్చింది. తర్వాతి కాలంలో రోడ్డు కోసం బుల్డోజర్లు వస్తే ఊరి జనమే చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. 2015లో ఆయన పోయాడు, తోట అలాగే ఉంది, సుఖ్నా సరస్సు పక్కన, సుమారు 40 ఎకరాలు.

కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులు, ఒక పగలు, తర్వాత ఢిల్లీ నుంచి బస్సు. పెద్దవాళ్లకు చలి పడలేదు, ఒకరికి జ్వరం కూడా వచ్చింది, ఆ రోజు నాకు ఒకటే టెన్షన్. పేర్లిచ్చింది 34 మంది, స్టేషన్‌కు వచ్చింది 19 మంది. టికెట్లు రద్దు చేస్తే పోయే డబ్బు ఎవరిదో సభ్యులే ఆలోచించాలి.

లోపలికి పోయే దారుల్లో గుమ్మాలు బాగా పొట్టిగా ఉంటాయి, తల వంచితే గానీ దాటలేం. మనవాళ్లు చాలామంది అక్కడే చెప్పులు విడవబోయారు. గోడ దాటగానే వరసలు వరసలుగా బొమ్మలు, ఆడవాళ్లు నీళ్ల కుండలు ఎత్తుకుని నిలబడినట్టు, కోతులు, నెమళ్లు, సైనికులు. లోపల ఇనుప చువ్వలూ పాత సైకిల్ ఫ్రేములూ పెట్టి, సిమెంటు, ఇసుక పూసి, పైన పింగాణీ ముక్కలు గుచ్చాడు. కొన్ని జంతువుల తలకాయలు సైకిల్ సీట్లు. ఒక పెద్ద గోడంతా కరెంటు సాకెట్లే. గుడ్డపీలికలతో ఆయన చేసిన బొమ్మలకు లోపలే వేరే మ్యూజియం ఉంది, అక్కలు అక్కడినుంచి కదల్లేదు.

మనలో అందరికంటే పెద్దాయన, సారె మీద 60 ఏళ్లు కుండలు చేసిన తాత, ఒక బొమ్మ దగ్గర ఆగిపోయి అరగంట రాలేదు. దాని ఒంటినిండా చాయ్ కప్పుల పిడులు. బస్సు టైమవుతోందని నేను పిలవడానికి పోతే, "నాయనా, మా అబ్బ కాలం నుంచి కుండలు కాల్చి ఆవం దించినప్పుడు పగిలిందంతా దిబ్బలో పారేసినాం రా, ఎన్ని బండ్లు పారేసినామో" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది, ఏం చెప్పాలో తెలియలేదు. తిరుగు రైల్లో అందరిదీ అదే మాట. ఒక్క మనిషి, చిన్న ఉద్యోగి, ఊరు పారేసినదాన్ని ఏరుకొచ్చి ఇంత చేస్తే, తరతరాలుగా మట్టి పిసికే మనకు మన తాతలు చేసిన ఒక్క బాన కూడా దాచిపెట్టే చోటు లేదు.

అందుకే వచ్చిన నెలలోనే సంఘం హాలు పక్క గదిని ఖాళీ చేసి పాత పాత్రలు పెట్టడం మొదలుపెట్టాం. ఇప్పటికి ధాన్యం పోసుకునే బానలు రెండు, పాల దుత్తలు, పెళ్లి కుండలు, పచ్చి కుండను కొట్టి సాగదీసే, పిడి అరిగిన కొట్టుడు బల్లలు వచ్చాయి. ప్రతిదాని మీద ఎవరిల్లు, ఎవరు చేశారు, ఏ చెరువు మన్ను అని చీటీ అంటిస్తున్నాం. హాలు ముందు గోడకు పగిలిన పెంకులు గుచ్చే పని కూడా సగం అయింది. ఇందులో మొదట తప్పు చేశాం. నేక్ చంద్ వాడింది పింగాణీ, అది గట్టిగా కాలి, పైన గాజులాంటి పూత ఉండేది, నీళ్లు పీల్చదు. మన కుండ పెంకు తక్కువ వేడిలో కాలింది, పొడిగా గుచ్చితే సిమెంటులోని నీళ్లు తాగేసింది, వారానికే ముక్కలు ఊడిపడ్డాయి. ఇప్పుడు రాత్రంతా నీళ్లలో నానబెట్టి తెల్లారి గుచ్చుతున్నాం, ఒక్కటి కూడా ఊడలేదు.

లెక్కలు కోశాధికారి అన్న పుస్తకంలో రాసి ఉన్నాయి, ఆడిట్ అయింది, సమావేశంలో చదువుతారు. రైలు టికెట్లు ఎవరివి వాళ్లే పెట్టుకున్నారు, సంఘం డబ్బు ఢిల్లీ బస్సుకూ పెద్దవాళ్ల భోజనాలకూ మాత్రమే వాడాం. చందా బాకీ ఉన్నవాళ్ల పేర్లు హాలు బోర్డు మీద ఉన్నాయి.

దారి పొడవునా హిందీ మాట్లాడి మమ్మల్ని నడిపించిన రిటైర్డ్ మాస్టారు గారికి, జ్వరం వచ్చిన తాతకు రాత్రంతా కాపలా ఉన్న ఇద్దరు తమ్ముళ్లకు, పులిహోర, సద్ద రొట్టెలు కట్టిచ్చిన అక్కలకు, ఇసుక ఉచితంగా తోలిన ట్రాక్టర్ అన్నకు, గోడకు నిచ్చెన ఇచ్చిన పక్కింటివాళ్లకు, గది తాళం నమ్మి ఇచ్చిన మాజీ అధ్యక్షులకు, సంఘం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఎవరి పేరైనా మరిచిపోయి ఉంటే క్షమించండి.

సమావేశం ఆదివారం ఉదయం పదికి హాల్లోనే. వచ్చేటప్పుడు ఇంట్లో పగిలిన కుండలు, మూకుళ్లు, ప్రమిదలు ఉంటే గోనెసంచిలో వేసుకుని తీసుకురండి, పారేయకండి. గోడ రెండో సగానికి పెంకులు చాలవు. అటక మీద పాత బానలు ఉన్నవాళ్లు ముందుగా చెబితే తమ్ముళ్లు ఆటో తీసుకుని వస్తారు.

ఇట్లు,
కార్యదర్శి